చెలిమె గుంపు

ఆ మధ్యాహ్నం తండ్రి అడిగిన ప్రశ్నలో స్వాతికి తప్పేమీ కనిపించలేదు. పైగా సంతోషమే కలిగింది.

నెల్లికుదురులోని ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చున్నారు. వారం కింద వెనక వాకిట్లో మిరపకాయలు ఎండబోసి కాపలా ఉన్న తల్లి కౌసల్య మీదికి గండుకోతి ఒకటి దూకి మోచేతి కింద కండ ఊడేలా కరిచింది. దవాఖానలో సూదులు వేయించుకొని వచ్చిన ఆమె, కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకొని ఎడమచేత్తో వడ్డిస్తున్నది.

"నన్ను గరిస్తే గరిచింది. బడికి వొయ్యే పోరగాండ్లను గరిస్తే ఏంది గతి?" అన్నది కౌసల్య.

జగపతిరావు ఆ ఊళ్లో పెద్ద రైతు. ఒకసారి సర్పంచ్‌గా కూడా చేశాడు. కోతుల బాధ పడలేక పల్లికాయ వేయడం మానేశాడు, మక్క మానేశాడు, చివరికి బావి దగ్గర నాలుగు వంగ మొక్కలు పెట్టడం కూడా మానేశాడు. ఊరంతా అంతే. పత్తి తప్ప ఇంకేది వేసినా ఇంటికి చేరేది కాదు.

కోతుల మీద పరిశోధన చేస్తానని స్వాతి యూనివర్సిటీలో చేరిన నాడు ఆయన నవ్వాడు. "కోతులను చూడనీకి యూనివర్సిటీ ఎందుకు బిడ్డా, మన మిద్దె ఎక్కరాదు" అన్నాడు. ఆ తర్వాత ఆమె పని గురించి ఒక్క మాట అడిగింది లేదు. అలాంటి మనిషి ఆ రోజు పెరుగన్నం కలుపుకుంటూ, "కొత్తగూడ అడివిల నువ్వు చూసేటి కోతులు ఎన్నుంటయ్?" అని అడిగాడు.

"నేను చూసే గుంపుల ఇరవై దాకా ఉంటయ్ బాపూ."

"గంత అడివిల ఇరవయ్యేనా? మరి కేసముద్రం మార్కెట్ల?"

"యార్డు గుంపుల నూటయాభై దాటినయ్. ఇంకా పెరుగుతున్నయ్."

"ఎందుకట్ల?"

స్వాతి కంచం పక్కకు జరిపింది. అడవి గుంపుతో పోల్చడానికి, నాలుగూళ్ల మీద పడే కేసముద్రం మార్కెట్ యార్డు గుంపును కూడా ఆమె లెక్కబెడుతున్నది. అడవిలో తిండి ఒకచోట ఉండదని చెప్పింది. ఇక్కడో మేడిచెట్టు పండితే మళ్లీ తునికి చెట్టు కోసం గుట్ట దాటాలి. పెద్ద గుంపైతే అందరికీ కడుపు నిండదు కాబట్టి అక్కడ గుంపులు చిన్నగానే ఉంటాయి. తల్లి ఒక ఏడు కంటే మరో ఏడు కనదు, ఒంట్లో అంత శక్తి ఉండదు. యార్డులో అలా కాదు. వడ్లు, మక్కలు ఏడాది పొడుగునా కుప్పలు పోసి ఉంటాయి. విడిపోవలసిన అవసరం లేదు. ఆడ కోతిపిల్లలు తొందరగా ఈడుకొస్తాయి, ఏటా కంటాయి. కోతుల్లో ఆడవి పుట్టిన గుంపు విడిచిపెట్టవు. అమ్మమ్మ, తల్లి, అక్కచెల్లెళ్లు చచ్చేదాకా ఒక్కచోటే. మగవే ఈడొచ్చాక వేరే గుంపు వెతుక్కుంటూ పోతాయి.

జగపతిరావు శ్రద్ధగా విన్నాడు.

"అంటే అడివిల జాగ ఖాళీగున్నట్టే గద."

"ఖాళీ గాదు బాపూ. ఆ జాగకు అన్నే పడ్తయ్. అంతకంటే ఎక్కువ బతకయి."

ఆయన తల ఊపి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అర్థమైందనే స్వాతి అనుకుంది. సాయంత్రం కొత్తగూడ బస్సు ఎక్కేటప్పుడు కూడా, ఇన్నాళ్లకు బాపు నా చదువు గురించి అడిగాడు అన్న తృప్తితోనే ఎక్కింది.

కొత్తగూడ మండలంలో, అడవి అంచున గుట్టకింద ఉన్న ఒక తండా ఆమె మకాం. భద్రు అనే పోడు రైతు ఇంట్లో ఒక పక్క గది ఆమెకు ఇచ్చారు. భద్రు తల్లి సుక్కి, భార్య మోతీ, అతనూ, ముగ్గురే. పిల్లలు లేరు. మోతీకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మొదటి ఏడాది స్వాతి తిండికీ నీళ్లకూ తడబడుతుంటే సుక్కే ఆమెను దగ్గర తీసింది. జొన్నరొట్టె చేసి పెట్టేది. తిరిగి తిరిగి కాళ్లు వాస్తే నూనె రాసేది. తండావాళ్ల భాషలో తల్లిని యాడి అంటారు. భద్రు పిలిచినట్టే స్వాతి కూడా ఆమెను "యాడీ" అనడం మొదలుపెట్టింది.

"కోతికి పిల్ల వుట్టిందని గంత మురుస్తవు. నీకు పుట్టేదెన్నడు బిడ్డా?" అనేది సుక్కి.

"ముందుగాల నా చదువు కానియ్యి యాడీ."

"చదువుకు ముట్లుడుగుతయా ఏంది! నీకైతే ఉడుగుతయ్, సూస్కో." అని తనే నవ్వేది.

గుట్ట మీద, బండల నడుమ ఎండాకాలం కూడా ఎండని ఒక చెలిమె ఉంది. దాని చుట్టూ తిరిగే గుంపుకు స్వాతి చెలిమె గుంపు అని పేరు పెట్టుకుంది. చెవి చిరిగిన ఒక ముసలి ఆడకోతి ఆ గుంపుకు పెద్దది. ఎటు పోవాలో అదే ముందు లేచేది. మిగతావి లేవాలా వద్దా అన్నట్టు కాసేపు గోక్కుని దాని వెంట నడిచేవి. స్వాతి దాన్ని పెద్దమ్మ అనుకునేది. ఆ కోతులు మనిషి చేతి తిండి ఎరుగవు. ఇప్పపూలు రాలే రోజుల్లో సుక్కి తెల్లవారకముందే బుట్ట పట్టుకొని గుట్ట కిందికి పోయేది. ఆమె ఒక చెట్టు కింద ఏరుతుంటే అవి మూడు చెట్ల అవతల ఏరుకునేవి. ఆమె వాటిని అదిలించేది కాదు, అవి ఆమె వైపు వచ్చేవి కాదు.

ఆ మార్చిలో చెలిమె గుంపులో నాలుగు పిల్లలు పుట్టాయి. అందులో ఒకటి పెద్దమ్మది. అంత ముసలితనంలో అది కంటుందని స్వాతి అనుకోలేదు. నల్లటి తల, ముడతలు పడ్డ మొహం, తల్లి పొట్టను కరుచుకొని వేలాడే గుప్పెడంత ప్రాణం. ఆ సంబరంతోనే ఆమె హైదరాబాదు వెళ్లింది, తన గైడుకు ఆ ఏటి వివరాలు చూపించడానికి.

అక్కడ ఉండగా భద్రు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ యూనివర్సిటోళ్లు ఏమన్న కోతులను పంపిండ్రా?"

"కోతులనా? లేదే. ఏమైంది?"

"పొద్దుగూకకముందు డీసీఎం బండ్లు వరుసగ వచ్చినయ్. బోన్ల నిండ కోతులు. రోడ్డు మీదనే మూతలు తీసి తోలేసి పోయిండ్రు. అడిగితె పర్మిషనున్నదన్నరు. నీకెరుకే అనుకున్న."

మర్నాడు మధ్యాహ్నానికి స్వాతి అక్కడ బస్సు దిగింది. రోడ్డు పొడుగునా కోతులు కూర్చుని ఉన్నాయి. అడవిలోకి పోలేదు. తారు మీదే, తోలేసిన చోటే, వచ్చిపోయే బండ్ల వైపు చూస్తూ. కొన్నిటికి బోనులో కొట్టుకొని మూతులు పగిలాయి. పొట్టకు పిల్లలను కరిపించుకున్న తల్లులు చాలా ఉన్నాయి. బస్సు ఆగగానే పది పదిహేను లేచి ఆమె సంచీ వైపు నడిచాయి.

వాటిలో కుడిచేతి వేళ్లు లేని గండుకోతిని చూసి ఆమె ఆగిపోయింది. అది యార్డు గుంపుది. ఆ వేళ్లు లారీ డోరు కింద పడి తెగాయి. ఆ పక్కనే ఉన్న పిల్లికళ్ల ఆడకోతి కూడా యార్డుదే. దాని అక్కా, తల్లీ మాత్రం కనబడలేదు. దొరికినవాటిని దొరికినట్టు పట్టుకొచ్చారు. ఏ కుటుంబంలో సగం కేసముద్రంలో ఉండిపోయిందో, ఏ సగం ఇక్కడికి వచ్చిందో ఎవరికీ పట్టలేదు.

ఆమె అక్కడే రోడ్డు పక్కన నిలబడి తండ్రికి ఫోన్ చేసింది.

"బాపూ, యార్డు కోతులను పట్టిచ్చింది నువ్వేనా?"

"ఒక్కన్నెందుకైత? నాలుగూర్లోళ్లం కల్సినం. మీ అమ్మ చెయ్యి సూసినంక గూడ ఊకుండాల్నా?"

"కొత్తగూడకే ఎందుకు తోలిచ్చినవ్?"

"నువ్వే చెప్తివి గద బిడ్డా. అంత అడివిల ఇరవయ్యే ఉన్నయని."

"అన్నే పడ్తయని గూడ చెప్పిన బాపూ. అది ఇనలేదా?"

"అవి కోతులు స్వాతీ," అన్నాడు ఆయన, విసుగు లేకుండానే. "అడివిల వడేస్తే కోతులు బతకయా?"

బతకలేదు. కనీసం బతకవలసినట్టు బతకలేదు. యార్డులో పుట్టి యార్డులో పెరిగిన ఆ కోతులకు ఏ కాయ ఎప్పుడు పండుతుందో తెలియదు. పచ్చి తునికికాయలు కొరికి ఉమ్మేసేవి. మోదుగ ఆకులు తిని కక్కుకునేవి. మొదటి వారంలోనే తల్లుల పాలు ఎండిపోయాయి. పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి చనిపోయాయి. చచ్చిన పిల్లను తల్లి వదలదు. ఒక చేత్తో పట్టుకొని మూడు కాళ్ల మీద నడుస్తుంది. ఈగలు ముసిరితే తోలుతుంది. పిల్లికళ్లది తన పిల్లను అలాగే మోసింది. దాని చర్మం అట్టలా ఎండిపోయి, తల ఊడిపోయాక కూడా మోసింది. యార్డులో ఉంటే తల్లో అక్కో పక్కన కూర్చుని దాని వీపు గోకుతూ ఉండేవి. ఇక్కడ దాని దగ్గరికి ఎవరూ రాలేదు.

నీళ్ల కోసం వెతుకుతూ అవి గుట్టెక్కి చెలిమె కనిపెట్టాయి. ఇరవై ఎక్కడ, అంత పెద్ద మంద ఎక్కడ. పెద్దమ్మ గుంపు ఒక పూట అరిచి, పళ్లు చూపించి, తర్వాత వెనక్కి తగ్గింది. యార్డువి తాగి దిగిపోయాకే మళ్లీ చెలిమెకు వచ్చేది. అవి వచ్చిన ఆ మొదటి రోజు స్వాతి బండ పక్కనే ఉన్నది. కొత్తగా వచ్చిన గండుకోతులు రెండు చెలిమె గుంపులోకి దూసుకువచ్చాయి. ఒక చిన్న తల్లిని చెట్టు కొమ్మ దాకా తరిమి, దాని పొట్ట మీది పిల్లను లాగి కిందికి విసిరాయి. పిల్ల బండ మీద పడింది. పరాయి గుంపులోకి వచ్చిన మగది అంతకుముందే పుట్టిన పిల్లను బతకనివ్వకపోవడం అప్పుడప్పుడు జరుగుతుందని ఆమె చదివింది. పిల్ల పోతే తల్లి మళ్లీ తొందరగా ఎదకొస్తుంది. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు తల్లి దిగివచ్చి ఆ పిల్లను తిరగేసి చూడటం, వాసన చూడటం, లేపడానికి చెయ్యి పట్టి లాగడం ఆమె కళ్లముందు జరుగుతున్నది. స్వాతి ఆ రోజు ఏమీ రాసుకోలేదు. గుట్ట దిగి వచ్చి పడుకుంది.

అడవిలో కడుపు నిండని యార్డు కోతులు వాసన పట్టి తండాకు దిగాయి. మనుషులుండే చోట తిండి ఉంటుందని వాటికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంటికప్పు పెంకులు తీసి లోపలికి దిగేవి. విత్తనానికి దాచిన మక్కలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, పొయ్యి మీది అన్నం, ఏదీ మిగల్చలేదు. తండా జనం తలుపులు వేసుకొని కట్టెలు పట్టుకొని కూర్చోవలసి వచ్చింది. కూలికి పోతే ఇల్లు లేదు, ఇల్లు చూసుకుంటే కూలి లేదు.

"మా అడివి కోతులు ఏండ్లసంది గీన్నే ఉన్నయక్కా. ఒక్కనాడన్న ఇంట్లకొచ్చినయా?" అని మోతీ అడిగింది. స్వాతి తలవంచుకుంది. ఆ కోతులను తోలించింది తన తండ్రేనని ఆమె వాళ్లకు ఇంకా చెప్పలేదు. రేపు చెప్తాను అనుకుంటూ రోజులు గడిపింది.

ఇప్పపూల కాలం ముగింపుకు వచ్చింది. సుక్కిని ఎవరు ఆపినా ఆగలేదు. "ఏడాదంత ఎదురుసూసి ఇడిసిపెట్టుమంటవా?" అని కొడుకును కసిరి బుట్ట తీసుకొని పోయింది. స్వాతి వెంట వెళ్లింది. తెల్లగా తెల్లవారింది. చెట్ల కింద పూలు పరుచుకొని తియ్యటి వాసన వేస్తున్నది. సుక్కి కొంగులో ఏరి నింపుకుంటున్నది. మొదట ఒక కోతి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చుట్టూ వచ్చాయి.

"యాడీ, కొంగు ఇడువు. పూలు కింద వొయ్యి," అని స్వాతి అరిచింది.

సుక్కి కొంగు విడవలేదు. ఆమెకు తెలిసిన కోతులు మనిషి కేకకు పారిపోయేవి. ఆమె "హోయ్" అని గట్టిగా అరిచి చెయ్యి ఎత్తింది. యార్డులో రోజూ కట్టె దెబ్బలు తిని పెరిగిన వాటికి ఎత్తిన చెయ్యి కొత్త కాదు. వేళ్లు లేని గండుకోతి ఆమె ఛాతీ మీదికి దూకింది. ఇంకొకటి వెనక నుంచి కొంగు లాగింది. ముసలి మనిషి వెల్లకిలా పడింది. వెనక బండ ఉంది.

స్వాతి రాయి విసిరింది, పరుగెత్తింది, కోతులను తన్ని తరిమింది. సుక్కి కళ్లు తెరిచే ఉన్నాయి. ఏదో తన భాషలో అన్నది, స్వాతికి అర్థం కాలేదు. భద్రు వచ్చి తల్లిని భుజాన వేసుకొని రోడ్డు దాకా పరుగెత్తాడు. అంబులెన్సు మానుకోట దవాఖాన దాకా చేరనే లేదు. దారిలోనే ప్రాణం పోయింది. అదే బండిలో వెనక్కి తెచ్చారు.

దహనం అయిన మర్నాడు స్వాతి భద్రుకు, మోతీకి చెప్పింది. ఎవరు తోలించారో, ఎందుకు ఇక్కడికే తోలించారో, తను అన్నం తింటూ ఏం చెప్పిందో అంతా చెప్పింది. మోతీ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"మీ నాయినకు చెప్పి మల్ల తోల్కపొమ్మను," అన్నాడు భద్రు.

ఆమె చెప్పింది. జగపతిరావు ఆ ముసలమ్మ చావు విని నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, ఎంత పనాయె" అన్నాడు. కానీ కోతులను వెనక్కి తెచ్చే మాట ఎత్తగానే, "తెచ్చి ఏడ వెట్టాలె స్వాతీ? ఊరు నన్ను బతకనిస్తదా?" అన్నాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం భద్రు పెరట్లో మక్కలకు పత్తికి కొట్టే పురుగుమందు పట్టిస్తూ ఆమె కంటపడ్డాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని కట్టెతో కలుపుతున్నాడు.

"అన్నా, ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా?"

"అది తప్పు. కేసైతది."

"యాడి సచ్చింది. దానికి కేసైందా?" అతను తల ఎత్తలేదు. "నువ్వు పోయి ఆఫీసరుకు చెప్పుకుంటవా, చెప్పుకో. నేను ఆపను."

ఆమె చెప్పడానికి వెళ్లలేదు. ఆపనూ లేదు. సుక్కి పడిన బండ మీద మరక ఇంకా అట్లాగే ఉన్నది. ఆ వేళ్లు లేనిది, దాని వెంట తిరిగేవి చస్తే చావనీ అని ఆమె మనసులో ఒక మూల అనుకున్నది. ఆమె అన్నది ఒకటే మాట.

"చెలిమె దిక్కు వెయ్యకు. మన అడివి కోతులు అక్కడ తాగుతయ్. రోడ్డు మీద వెయ్యి. రోడ్డు మీద ఆ యార్డువే ఉంటయ్."

భద్రు ఆ మాట విన్నాడు. చెప్పినట్టే రోడ్డు పొడుగునా చల్లి వచ్చాడు.

కానీ ఆమె మాటలో తప్పుంది. పది రోజుల కింద అయితే అది నిజం. ఇప్పుడు చెలిమె యార్డు గుంపుది. బలం ఉన్నది కాబట్టి నీడ, నీళ్లు, మేడిచెట్టు దాని వశమయ్యాయి. అక్కడి నుంచి తరిమివేయబడిన చిన్న గుంపు ఎండకు, దాహానికి తట్టుకోలేక గుట్ట దిగి, రోడ్డు కల్వర్టు కింద మిగిలిన మురికినీళ్ల దగ్గర తలదాచుకున్నది. సుక్కి పోయిన నాటి నుంచి స్వాతి గుట్టెక్కలేదు. ఎక్కి ఉంటే తెలిసేది.

మధ్యాహ్నం మోతీ వచ్చి పిలిస్తే పరుగెత్తింది. కల్వర్టు పక్క చింతచెట్టు కింద అవి పడి ఉన్నాయి. నోట నురగ, బిగిసిన చేతులు. యార్డువి కూడా ఉన్నాయి, కాని తక్కువ. ఎక్కువగా చెలిమె గుంపే. చిరిగిన చెవి దూరం నుంచే కనిపించింది. పెద్దమ్మ పక్కకు ఒరిగి ఉంది. దాని రొమ్ము పట్టుకొని పిల్ల ఇంకా చీకుతున్నది. స్వాతి దాన్ని విడదీయబోయింది. అది తల్లి వెంట్రుకలు వదలలేదు. కాసేపట్లో ఆ చీకడం కూడా ఆగిపోయింది.

భద్రు అక్కడే ఉన్నాడు. చచ్చినవాటిని చూసి, ఆమెను చూసి, "ఇవి మనయి గద అక్కా," అన్నాడు.

అటవీశాఖ ఆఫీసరు మర్నాడు వచ్చాడు. తండాలో ఎవరూ నోరు విప్పకపోయినా, భద్రు ఇంటి పెరట్లో మందు డబ్బా దొరికింది. అతన్ని జీపెక్కించారు. స్వాతి ఆఫీసుకు వెళ్లి కూర్చుంది.

"ఆ కోతులను ఇక్కడికి తోలించింది మా నాన్న. జగపతిరావు, నెల్లికుదురు. రాసుకోండి," అన్నది.

ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. "అది వేరే మ్యాటరమ్మా. ఇది విషం కేసు."

"అయితే ఇది కూడా రాసుకోండి. విషం పెడుతున్నట్టు నాకు తెలుసు. ఎక్కడ పెట్టాలో చెప్పింది నేనే."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "మీరు చదువుకున్నోళ్లు. పెద్దింటి పిల్ల. ఎందుకమ్మా ఇవన్నీ మీద ఏసుకుంటరు? ఇంటికి వోండ్రి."

ఆమె లేవలేదు. సాయంత్రం దాకా కూర్చుని, ఆయన రాయనంటే తనే కాగితం తీసి రాసి, సంతకం పెట్టి ఇచ్చి వచ్చింది. దాని సంగతి ఏమైందో తర్వాత ఎన్నిసార్లు అడిగినా తెలియలేదు. యూనివర్సిటీకి మాత్రం ఎలాగో తెలిసింది. గైడు పిలిపించి, అడవి గుంపే లేదు కాబట్టి ఈ పరిశోధన ఇక్కడితో ఆపమన్నాడు.

భద్రు బెయిలుకు భూమి చూపించి పూచీపడే జమానతు కావాలన్నారు. తండాలో పట్టా భూమి ఉన్నవాళ్లు ఎవరూ లేరు. స్వాతి నెల్లికుదురు వెళ్లింది. బావి దగ్గర వంగ, బెండ, టమాట మడులు పచ్చగా ఉన్నాయి. కౌసల్య చేతికి కట్టు విప్పారు. అక్కడ మచ్చ మిగిలింది. మిద్దె మీద రెండు కోతులు కూర్చుని ఉన్నాయి, పట్టేవాళ్లకు చిక్కని ఆడవి. రెండింటికీ పిల్లలున్నాయి.

"యార్డుల ధాన్యం ఉన్నన్నాళ్లు ఇవి పెరుగుతనే ఉంటయ్ బాపూ. మూడు నాలుగేండ్లల్ల మల్ల అన్నయితయ్."

"అయితే మల్ల పట్టిస్తం," అన్నాడు జగపతిరావు. అన్నాక కూతురి మొహం చూసి ఆగాడు.

ఆమె భద్రు సంగతి చెప్పింది. మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కొని, భూమి పాసుబుక్కు పట్టుకొని ఆమెతో పాటు మానుకోట కోర్టుకు వచ్చాడు. సంతకం పెట్టాడు.

సాయంత్రం భద్రు బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. మోతీ అతనికి మెల్లగా ఏదో చెప్పింది. అతను జగపతిరావు వైపు చూశాడు. జగపతిరావు రెండడుగులు ముందుకు వేసి, "నీ తల్లి సంగతి..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు.

"మా యాడి పేరు సుక్కి," అన్నాడు భద్రు. వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

మోతీ ఆటో ఎక్కబోతూ ఆగి స్వాతి దగ్గరికి వచ్చింది.

"నీ సామాను గంపల కట్టిపెట్టిన. ఎవరితోనన్న పంపిస్త."

"నేనే వచ్చి తీసుకుంట మోతీ."

"రాకక్కా." మోతీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపం లేదు. నువ్వు ఇంట్ల తిరుగుతుంటె మా అత్త యాదికొస్తది. ఆయన తట్టుకోడు. నేనూ తట్టుకోను."

ఆటో వెళ్లిపోయింది. తండ్రీ కూతుళ్లు ఒకే కారులో ఇంటికి వచ్చారు. ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆ నెలలోనే ఆమె హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరి అక్కడే గది తీసుకుంది. తల్లి ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. తండ్రి పండగలకు రమ్మంటాడు. ఆమె వెళ్లదు.

మరుసటి ఏడు మార్చిలో కాలేజీ వాళ్లు పిల్లలను విహారానికి తీసుకువెళ్తుంటే ఆమె కూడా వెళ్లవలసి వచ్చింది. బస్సు కొత్తగూడ మీదుగా పోయింది. అడవి మలుపులో కోతులను చూసి పిల్లలు గోల చేస్తే డ్రైవరు ఆపాడు. బిస్కెట్లు విసిరారు. స్వాతి కిటికీలోంచి చూసింది. నిరుటి మందలో సగం కూడా లేవు. అవి పిల్లలు పుట్టే రోజులు. అయినా ఏ ఒక్క ఆడకోతి పొట్టకూ పిల్ల లేదు.

ఒక చిన్న ఆడకోతిని ఆమె గుర్తుపట్టింది. బండ మీద పడిన పిల్లను చెయ్యి పట్టి లేపబోయిన తల్లి అది. చెలిమె గుంపులో మిగిలింది అదొక్కటే కావచ్చు. యార్డువాటి నడుమ, అన్నిటికంటే చివరన కూర్చుని ఉంది. ముందున్నవి బిస్కెట్లన్నీ ఏరుకున్నాయి. అది తారు మీదికి వచ్చి బస్సు ముందు నిలబడి, వాటిలాగే చెయ్యి చాపింది.

డ్రైవరు హారను కొట్టాడు. అది కదలలేదు. స్వాతి లేచి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "జర ఆగన్నా," అన్నది. అది పక్కకు తప్పుకునేదాకా అందరూ ఎదురుచూశారు.